వేపనూనా, ఈర్పెనా, చీపురా: కుక్కకూ పిల్లికీ ఫ్లీలు పట్టకుండా ఏది ఎంచుకోవాలి?

ముందు ఒంటి మీద ఉన్నది ఏ పురుగో తేల్చుకోవాలి. మన ఇళ్లలో కుక్క ఒంటి మీద ఏది పాకినా గోమారి అనో, పిడుదు అనో అనేస్తాం. గోమారి ఎగరదు. చర్మానికి కరుచుకుని ఉండిపోతుంది, రక్తం తాగాక ఆముదం గింజలా ఉబ్బుతుంది, ఎదిగిన దానికి ఎనిమిది కాళ్లుంటాయి. ఫ్లీ వేరు. రెండు మూడు మిల్లీమీటర్ల ముదురు గోధుమరంగు పురుగు, పక్కల నుంచి నొక్కేసినట్టు సన్నగా ఉంటుంది, వెంట్రుకల మధ్య పరుగెత్తుతుంది, వేలు పెడితే ఎగిరి దూకుతుంది. కొందరు కుక్క పేలు అనేది వీటినే. ఈ వ్యాసం ఫ్లీల గురించే. గోమార్లకు ఇందులో చెప్పినవి చాలావరకు పనిచేయవు.

పురుగు కనబడకపోయినా తేల్చుకునే దారి ఉంది. తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేసి రెండు నిమిషాలు ఆగండి. నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకితే అది ఫ్లీ మలం, అంటే ఎండిన రక్తం. మరక రాకపోతే మట్టి.

## ఏ కొలతతో పోల్చాలి

"సహజమైనది" అన్న మాట కొలత కాదు. కర్పూరమూ సహజమే, వెల్లుల్లీ సహజమే. రెండూ కుక్కకు విషమే. ఒక పద్ధతిని ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఫ్లీ జీవితంలో ఏ దశను అది తాకుతుంది? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఒక ఇంట్లో ఉన్న మొత్తం ఫ్లీ సంతతిలో ఎదిగిన పురుగులు దాదాపు 5 శాతమే అని పశువైద్య పాఠాల్లో చెప్పే లెక్క. మిగతాది సుమారుగా గుడ్లు 50, లార్వాలు (గుడ్డులోంచి వచ్చే పిల్లపురుగులు) 35, గూడు కట్టుకున్న ప్యూపాలు 10 శాతం. ఆడ ఫ్లీ రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, రోజుకు నలభై యాభై వరకు పెడుతుంది. ఆ గుడ్లకు జిగురు ఉండదు. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ ఒళ్లు దులుపుకుంటే అక్కడ రాలిపోతాయి. మనం కుక్క ఒంటికి ఎంత రాసినా, సోఫా కింద ఉన్న తొంభై అయిదు శాతానికి అది చేరదు.

నాకితే ఏమవుతుంది? ఒంటికి రాసిన ప్రతిదీ కాసేపటికి కడుపులోకి వెళ్తుందనే లెక్కేసుకోవాలి. కుక్క నాకుతుంది, పిల్లి అయితే ఒళ్లంతా నాకుతుంది. పైగా మొక్కల తైలాల్లో ఉండే చాలా పదార్థాల్ని విరగగొట్టే ఎంజైము పిల్లి కాలేయంలో బాగా తక్కువ. కుక్కకు సరిపడింది పిల్లికీ సరిపడుతుందనుకోవడం ఈ విషయంలో జరిగే పెద్ద పొరపాటు.

మన వాతావరణంలో నిలుస్తుందా? ఫ్లీ లార్వాకు తేమ కావాలి. గాలిలో తేమ 50 శాతం కన్నా పడిపోతే ఎండి చస్తుంది, 35 డిగ్రీలు దాటిన వేడినీ తట్టుకోలేదు. 21 నుంచి 30 డిగ్రీల వేడి, 75 శాతం పైన తేమ దానికి పండగ. అంటే తెలంగాణలోనూ రాయలసీమలోనూ మే నెల ఎండకు బయట వాటంతటవే తగ్గుతాయి, జూలై నుంచి అక్టోబరు దాకా విజృంభిస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఏడాదంతా తేమే కాబట్టి సెలవు ఉండదు. ఇంకో సంగతి: ఎండాకాలంలో నీళ్ల కూలర్ పెట్టిన గదిలో బయట చచ్చే లార్వాకు లోపల చక్కటి చోటు మనమే ఏర్పాటు చేస్తాం.

ఎంత ఓపిక కావాలి? సహజ పద్ధతుల్లో డబ్బు తక్కువ, ఒళ్లు వంచడం ఎక్కువ. మూడు నెలలు చేయగలరో లేదో ముందే నిజాయితీగా చూసుకోవాలి.

## ఒక చూపులో

| పద్ధతి | తాకే దశ | కుక్కకు | పిల్లికి | వానాకాలంలో | శ్రమ |
|---|---|---|---|---|---|
| ఊడ్చడం, వాక్యూమ్, పక్క ఉతకడం | గుడ్డు, లార్వా, కొంత ఎదిగినవి | ప్రమాదం లేదు | ప్రమాదం లేదు | పనిచేస్తుంది | ఎక్కువ |
| ఈర్పెన | ఎదిగినవి | ప్రమాదం లేదు | ప్రమాదం లేదు | పనిచేస్తుంది | రోజూ పది నిమిషాలు |
| నురగ స్నానం | ఎదిగినవి | కళ్లు కాపాడితే సరే | మామూలుగా వద్దు | ఆ రోజు వరకే | మధ్యస్తం |
| వేపనూనె | ఎదిగినవాటిని కొంత తరుముతుంది | పలుచన చేస్తేనే | వద్దు | త్వరగా పోతుంది | మధ్యస్తం |
| డయాటమ్ మట్టి పొడి | లార్వా, ఎదిగినవి | ఒంటికి వద్దు, నేలకు | ఒంటికి వద్దు | తేమకు దండగ | తక్కువ |
| సబ్బునీళ్ల పళ్లెం | కొత్తగా పుట్టినవి | ప్రమాదం లేదు | ప్రమాదం లేదు | పనిచేస్తుంది | చాలా తక్కువ |
| కర్పూరం, నీలగిరి తైలం, వెల్లుల్లి | లెక్కలోకి రాదు | విషం | మరీ విషం | – | – |

ఈ పట్టికలో ప్యూపా ఏ వరసలోనూ లేదు. మరిచిపోయి కాదు. పట్టులాంటి జిగురు గూడు కట్టుకుని, దానికి దుమ్ము అంటించుకుని దాక్కున్న ప్యూపాను వేపగానీ పొడులుగానీ చంపవు, దుకాణంలో కొన్న పురుగుమందులు కూడా సరిగా చేరవు. అది అయిదు నెలల దాకా కూడా కదలకుండా ఉండగలదు. బయటికి వచ్చాక పట్టుకోవడం ఒక్కటే దారి. అందుకే ఏ పద్ధతి మొదలుపెట్టినా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు సాగాలి. మూడో వారంలో మళ్లీ పురుగులు కనబడగానే "ఇది పనిచేయలేదు" అని ఆపేసేవాళ్లే ఎక్కువ. ఆ కనబడేవి ముందే గూట్లో ఉన్నవి, కొత్తగా వచ్చినవి కావు.

## నేల పని: చీపురు, వాక్యూమ్, వేడినీళ్లు

ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకోవాలి. గుడ్డునూ లార్వానూ ఇంత పెద్ద ఎత్తున తీసేసే సహజ పద్ధతి ఇంకోటి లేదు.

మొదట పక్క సంగతి. కుక్కకు గోనెసంచి పరచడం మనకు అలవాటు. ఫ్లీ లార్వాకు అంతకన్నా మంచి ఇల్లు లేదు: నేత వదులు, లోపల చీకటి, పైగా ఎవరూ ఉతకరు. గోనె తీసేసి పాత నూలు దుప్పట్లు రెండు పెట్టుకోండి, ఒకటి పరిస్తే ఒకటి ఉతుకులో ఉంటుంది. వారానికి ఒకసారి తప్పకుండా మార్చాలి. మన వేడికి గుడ్డు పొదిగి, లార్వా ఎదిగి, గూడు కట్టడానికి సుమారు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వారం దాటితే గూటి దశకు వెళ్లిపోయేవి ఉంటాయి.

ఉతకడానికి 60 డిగ్రీల వేడి చాలు. మెషీన్‌లో ఆ అమరిక ఉంటే సరే. లేకపోతే బకెట్లో సగం మరిగిన నీళ్లు, సగం కుళాయి నీళ్లు కలిపితే దాదాపు 65 డిగ్రీలకు వస్తుంది. అందులో అరగంట నానబెట్టి ఉతికి, డాబా మీద ఎర్రటి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. తీసుకెళ్లేటప్పుడు దుప్పటిని అక్కడే దులపకూడదు, ఇల్లంతా తిప్పకూడదు. ఉన్నచోటే నాలుగు మూలలు లోపలికి మడిచి, కవర్లో పెట్టి తీసుకెళ్లాలి. లేకపోతే గుడ్లన్నీ దారిపొడుగునా చల్లినట్టే.

నేల విషయంలో మీ ఇంటి నేలను బట్టి పని మారుతుంది. నున్నటి టైల్స్ మీద లార్వాకు దాక్కునే చోటు తక్కువ, చీపురూ తడిగుడ్డా సరిపోతాయి. షాబాద్ బండలు, కడప రాళ్లు పరిచిన పాత ఇళ్లలో అసలు చిక్కు రాళ్ల మధ్య సందుల్లో ఉంటుంది. చీపురు పైపైన పోతుంది, దుమ్ము సందులోకే దిగుతుంది. అక్కడ సన్నమూతి పెట్టిన వాక్యూమ్ కావాలి, లేదా సందులకు సిమెంటు పూత వేయించుకోవాలి. పేడతో అలికిన మట్టి నేలల్లో పగుళ్లు పూడ్చి అలకడం ఆపకుండా చేస్తే కొంత మేలు.

వాక్యూమ్ ఉన్నవాళ్లు మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు చేయాలి. సోఫా దిండ్ల కింద, మంచం కింద, గోడ అంచుల వెంట, కారు సీట్ల కింద కూడా. వాక్యూమ్ అదురుకు గూట్లో ఉన్న ఫ్లీలు "ఎవరో వచ్చారు" అనుకుని బయటికి వస్తాయి. అది మనకు లాభమే, మర్నాటి వాక్యూమ్‌కు దొరుకుతాయి. ప్రతిసారీ లోపలి దుమ్మును కవర్లో పోసి ముడివేసి బయటి చెత్తలో వేయాలి. దుమ్ము మిషన్‌లోనే వదిలేస్తే దాంట్లోనే పొదిగి మళ్లీ బయటపడతాయి.

తడిగుడ్డ వేసేవాళ్లకు ఒక్క మాట. తుడిచాక ఫ్యాన్ వేసి నేల పూర్తిగా ఆరబెట్టాలి. అల్మరా కింద తడి నిలిచిపోతే, మనం తీసేసింది ఎంతో, పెంచి పోషించిందీ అంతే.

బయట ఉండే కుక్కకు నేల పని అంటే నీడ పని. ఎండ పడే పెరట్లో లార్వా బతకదు. అది ఉండేది మెట్ల కింద, బండ్లు పెట్టే చోట, అరటిచెట్టు మొదట్లో, రాలిన ఆకుల కింద. అక్కడ ఆకులు ఊడ్చి తగలబెట్టకుండా దూరంగా ఎరువుగుంటలో వేయండి, కుక్క పడుకునే చోటును వారానికోసారి మార్చండి, కూలిన కొట్టులో పందికొక్కులు ఉంటే వాటి సంగతీ చూడండి. అవీ ఫ్లీలను తెస్తాయి.

## ఈర్పెన

అమ్మమ్మల కాలపు ఈర్పెన ఇక్కడ నిజంగానే పనికొస్తుంది, పళ్లు గట్టిగా ఉంటే. పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఫ్లీ దువ్వెనకు అంగుళానికి 32 పళ్ల దాకా ఉంటాయి, లోహపువి కొనండి. ప్లాస్టిక్ పళ్లు వంగిపోతాయి, పురుగు సందులోంచి జారిపోతుంది.

పక్కన ఒక గిన్నెలో నీళ్లు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ అయిదారు చుక్కలు. సబ్బు లేకపోతే ఫ్లీ నీటిమీద తేలి మళ్లీ ఎగురుతుంది, సబ్బుతో మునుగుతుంది. మెడ చుట్టూ, చెవుల వెనక, తోక మొదట్లో, తొడల లోపల దువ్వాలి, ప్రతి గీతకూ దువ్వెన గిన్నెలో ముంచాలి. గోళ్ల మధ్య నలపడం మానేయండి. ఫ్లీలు టేప్‌వార్మ్ అనే పొట్టపురుగు పిల్లను మోస్తాయి, చేతికి అంటుకుని నోట్లోకి పోతే పిల్లలకు కూడా ఆ పురుగు రావచ్చు.

పొట్టివెంట్రుకల కుక్కకూ పిల్లికీ ఇది అన్నిటికన్నా భద్రమైన మార్గం. పొమరేనియన్‌కో, గోల్డెన్ రిట్రీవర్‌కో మాత్రం లోపలి ఒత్తు వెంట్రుక దాటి దువ్వెన చర్మాన్ని చేరడం కష్టం. అలాంటి కుక్కకు వానాకాలం ముందు వెంట్రుకలు కొంచెం కత్తిరించుకుంటే పని సగం తగ్గుతుంది. పూర్తిగా గుండు చేయించవద్దు.

ఈర్పెనకు ఇంకో ఉపయోగం ఉంది, అది ఎవరూ వాడుకోరు: లెక్క. దువ్విన ప్రతిసారీ గిన్నెలో ఎన్ని తేలాయో క్యాలెండర్ మీద రాసుకోండి. రెండు వారాలకు లెక్క తగ్గుతోందా లేదా అన్నది ఏ పద్ధతి పనిచేస్తోందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం. "ఈ నూనె రాశాక తగ్గినట్టే ఉంది" అన్న మాటలకు ఈ లెక్క లేకపోతే విలువ లేదు.

## స్నానం: సబ్బా, కుంకుడా

ఏ నురగైనా చేసే పని ఒకటే. నీటి పట్టు వదులై పురుగు ఒంటిలోకి నీరు దిగి, అది మునిగిపోతుంది. దీనికి "ఫ్లీ షాంపూ" అని పేరు ఉండనక్కర్లేదు, కుక్కల మామూలు షాంపూ చాలు. నురగను అయిదు నుంచి పది నిమిషాలు ఉంచడమే అసలు కిటుకు. మొదట మెడ చుట్టూ నురగతో గట్టి కట్టు కట్టాలి. ఒళ్లు తడవగానే ఫ్లీలన్నీ తలవైపు, చెవుల్లోకి పరుగెత్తుతాయి. కట్టు వేయకుండా వీపు మీద నీళ్లు పోస్తే పనంతా వృథా.

కుంకుడు వాడాలనుకుంటే పది కాయలు కొట్టి గింజలు తీసి, అరలీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిసికి, బట్టలో వడకట్టండి. నురగ బాగానే వస్తుంది. చిక్కంతా కళ్లతోనే. కుంకుడు రసం కంట్లో పడితే మనకు ఎంత మంటో కుక్కకూ అంతే, పైగా అది కళ్లు మూసుకుని కూర్చోదు. తలకు కుంకుడు వద్దు, మెడ నుంచి వెనక్కి మాత్రమే. మనుషుల షాంపూ, బట్టల సబ్బు కుక్క చర్మానికి గాటు ఎక్కువ.

ఎంత బాగా చేసినా స్నానం ఆ పూటకే. ఆరాక ఒంటి మీద ఏమీ మిగలదు, సాయంత్రానికి సోఫా మీంచి కొత్తవి ఎక్కుతాయి. రెండు వారాలకు ఒకసారి చాలు. రోజు విడిచి రోజు చేయిస్తే చర్మం ఎండి, పొట్టు రేగి, ఫ్లీలు లేకపోయినా గోక్కోవడం మొదలవుతుంది.

## వేప: ఎంతవరకు నమ్మొచ్చు

వేప మీద మనకున్న గురి అంతా ఇంతా కాదు. అది కొంతవరకే న్యాయం. వేపలో పురుగుల ఎదుగుదలను చెడగొట్టే అజాడిరక్టిన్ ప్రధానంగా గింజలో ఉంటుంది, ఆకులో బాగా తక్కువ. పైగా వేడికీ ఎండకీ నీటిలోనూ అది విరిగిపోతుంది. కాబట్టి గుప్పెడు వేపాకు మరిగించి ఆ నీళ్లు పోయడం దురదకు హాయినివ్వచ్చు గానీ, ఫ్లీలను ఆపుతుందని దాని మీద ఆధారపడకూడదు. పసుపూ వేపాకూ ముద్ద నూరి పట్టిస్తే కుక్క పచ్చబడుతుంది, గోడలూ పచ్చబడతాయి. ఫ్లీలకు మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు.

గింజ నూనెకు కొంత బలం ఉంది. చల్లగా తీసిన అచ్చ నూనె కొనండి. వాడే తీరులు రెండు:

- షాంపూలో: 20 మి.లీ. కుక్కల షాంపూలో 1 మి.లీ. వేపనూనె. బాగా కలిపి, పది నిమిషాలు నురగ ఉంచి, పూర్తిగా కడగాలి.
- పిచికారీగా: లీటరు గోరువెచ్చని నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, 2 మి.లీ. మృదువైన లిక్విడ్ సబ్బు. సబ్బు లేకపోతే నూనె పైకి తేలి, మొదట నీళ్లూ చివర గాఢమైన నూనే పడతాయి. కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి దాచుకుంటే బలం పోతుంది. కాళ్ల మీద, పొట్ట కింద, వారానికి రెండుసార్లు.

మొదటిసారి తొడ లోపల రూపాయి బిళ్లంత మేర రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడితే ఆపేయండి. నాకకుండా ఆరేదాకా అరగంట నడిపించుకు రావడం మంచి ఉపాయం. చొంగ కార్చడం, వాంతి కనబడితే కడిగేసి డాక్టరును అడగండి. పాలుతాగే కూనలకు, చూడి కుక్కలకు, ఏ వయసు పిల్లికీ వద్దు.

రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, పురుగుమందుల దుకాణంలో పంటకు అమ్మే 1500 పీపీఎం, 10000 పీపీఎం (గాఢతకు కొలత) వేప మందును కుక్కకు కొట్టడం. అందులో వేపతో పాటు వేరే ద్రావకాలు కూడా ఉంటాయి, అది మొక్కల కోసం తయారైంది. రెండోది పెరట్లో చల్లే పిండి. వేపపిండి అనుకుని ఆముదం పిండి తెచ్చి చల్లితే, కుక్క దాన్ని ఇష్టంగా తింటుంది. అందులో మిగిలే రైసిన్ అనే విషం ప్రాణం తీస్తుంది. పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో ఆముదం పిండి ఎరువు అసలే వద్దు.

## నేల మీద పొడులు

డయాటమ్ మట్టి అంటే అతిసూక్ష్మ జలజీవుల పెంకుల పొడి. పురుగు పైపొరను గీరి, అందులోని మైనాన్ని పీల్చి, దాన్ని ఎండబెట్టి చంపుతుంది. తిండి సరుకులకు వాడే రకమే కొనాలి. ఈత కొలనుల వడపోతకు అమ్మే రకం ఊపిరితిత్తులకు చేటు. మూతికి మాస్క్ కట్టుకుని, మంచం కింద, గోడ అంచుల్లో మసకగా కనబడేంత పలుచగా చల్లి, రెండు రోజులు గది మూసి, తర్వాత తీసేయాలి. వాక్యూమ్ ఫిల్టరు దీంతో త్వరగా పూడిపోతుంది కాబట్టి ముందు మెత్తటి చీపురుతో ఎత్తండి. తేమ తగిలితే పని ఆగిపోతుంది. ఫిబ్రవరి–మే మధ్య హైదరాబాదులోనో, అనంతపురంలోనో వాడితే ప్రయోజనం ఉంది. ఆగస్టులో కాకినాడలో చల్లడం డబ్బు దండగ.

ఉప్పు అయితే మన వానల్లో తనే చెమర్చి ముద్దవుతుంది. కట్టెల బూడిద తడిస్తే క్షారమై పాదాలు కాలుతాయి. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి లార్వాలను చంపగలదు, ఆ మాట నిజమే. కానీ నేల మీద పాకే పసిపిల్ల గానీ, పాదాలు నాకే పిల్లి గానీ ఉన్న ఇంట్లో అది వద్దు.

## సబ్బునీళ్ల పళ్లెం

వెడల్పాటి తెల్ల పళ్లెంలో అంగుళం లోతు నీళ్లు, నాలుగు చుక్కల లిక్విడ్ సబ్బు, పైన ఒక అడుగు ఎత్తులో చిన్న బల్బు. రాత్రంతా గదిలో మిగతా దీపాలు ఆర్పి ఉంచండి. వెలుగుకూ వేడికీ దూకి మునుగుతాయి. ఎల్ఈడీ బల్బు వేడెక్కదు కాబట్టి పాత తీగబల్బు మేలు, వైరు నీళ్లకు తగలకుండా చూసుకోండి. కుక్క ఒంటి మీద స్థిరపడ్డవి దీనికి రావు. దీంతో ఫ్లీలు అంతరించవు. ఏ గదిలో ఎక్కువ ఉన్నాయో చెబుతుంది, అంతే. అదీ పనికొచ్చే సంగతే.

## ముట్టుకోకూడనివి

కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని ప్రతి వీధిలో ఒకరు చెబుతారు. కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది, కుక్కకు వణుకూ మూర్ఛలూ తెస్తుంది. కలరా ఉండలు పక్కలో పెట్టడమూ అంతే. నీలగిరి తైలం, టీ ట్రీ నూనె పిల్లికి కొద్ది చుక్కలే ఎక్కువ.

సీతాఫలం గింజల పొడి పేలకు పాతకాలపు మందే, కానీ కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్న మనుషుల్ని మన కంటి ఆసుపత్రులు చూస్తూనే ఉన్నాయి. ఒళ్లు దులిపే కుక్కకు పట్టించడం అంటే ఇద్దరి కళ్లతో ఆట.

వెల్లుల్లి తినిపిస్తే ఫ్లీలు పోవు, ఎర్ర రక్తకణాలు పగులుతాయి. పిల్లికి ఇంకా తొందరగా. ఈస్టు బిళ్లలూ, తాగే నీళ్లలో వెనిగరూ హాని పెద్దగా చేయవు, మేలూ చేయవు.

ఇక సహజం కాకపోయినా ఇళ్లలో చేతికి అందేవి: కిరోసిన్, గమాక్సిన్ పొడి, గేదెలకు కొట్టే గోమార్ల మందు. వీటిని కొలత తెలియకుండా కుక్కకు వాడి ఆసుపత్రికి పరుగెత్తడం కన్నా ఫ్లీలతో ఇంకో వారం ఉండడం మేలు. కుక్కకు అమ్మే పర్మెత్రిన్ చుక్కల మందు పిల్లిని చంపుతుంది. చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రమ్‌కు అది కృత్రిమ చుట్టం, "పూలమందే కదా" అని మోసపోవద్దు.

## మీ ఇంటికి ఏది

అపార్ట్‌మెంటులో ఒక్క కుక్క, టైల్స్ నేల. మీకు ఇదంతా సులువు. వారానికోసారి పక్క ఉతుకు, వారానికి మూడుసార్లు ఈర్పెన, సోఫాకు వాక్యూమ్. లిఫ్టులో, కింద పార్కింగులో వీధికుక్కలు పడుకునే చోటునుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నడక నుంచి రాగానే కాళ్లూ పొట్టా ఒకసారి దువ్వండి. వేప అక్కర్లేదు, మూసిన ఇంట్లో ఆ వాసన మీరే భరించలేరు.

పెరట్లో కట్టేసిన కుక్క, చుట్టూ మట్టి. వేపనూనె పిచికారీకి అర్థం ఉన్నది ఇక్కడే. కానీ ముందు గోనె తీసి, నీడచోటు ఊడ్చి, పక్క మార్చి, ఆ తర్వాతే. క్రమం తిరగేస్తే వేప ఖర్చే మిగులుతుంది. మేకలు కూడా ఉంటే వాటి దొడ్డీ ఇదే లెక్కలోకి వస్తుంది, ఫ్లీలు కుక్కకూ మేకకూ తేడా చూడవు. మేకపిల్లలు రక్తం చాలక నీరసపడతాయి.

పిల్లి ఉన్న ఇల్లు. ఈర్పెన, ఉతుకు, వాక్యూమ్, పళ్లెం. ఇంతే, ఇంకేమీ రాయవద్దు. కుక్కా పిల్లీ కలిసి పడుకుంటే కుక్కకు కూడా నూనెలు మానేయండి, పిల్లి దాన్నే నాకుతుంది. ఫ్లీలు పిల్లి మీద కనబడకపోవచ్చు, అది నాకి మింగేస్తుంది కాబట్టి. తడి కాగితం పరీక్షనే నమ్మండి.

కుందేలు. దువ్వెన ఒక్కటే. కుక్కల ఫిప్రోనిల్ మందు కుందేలుకు ప్రాణాంతకం, అది ఎవరు రాసిచ్చినా ఒకసారి గట్టిగా అడగండి.

ఉద్యోగం, టైము లేదు, రోజూ ఊడ్చేవాళ్లు లేరు. సహజ పద్ధతులు మీకు సరిపడవని చెప్పడమే న్యాయం. సగం సగం చేస్తే ఫ్లీలు తగ్గవు, కుక్క బాధపడుతుంది. పశువైద్యుడు బరువు తూచి ఇచ్చే నెలమాత్రగానీ చుక్కలమందుగానీ వాడి, ఉతుకు మాత్రం మీరు చేసుకోండి. "రసాయనం" అనగానే జంకేవాళ్లకు ఒక చిన్న ఊరట: కుక్కలకిచ్చే ఫ్లీ మాత్రల్లో ఒకటైన స్పైనోసాడ్ మట్టిలో ఉండే ఒక బాక్టీరియా తయారుచేసేదే.

## ఇంట్లో ఆగకుండా వెళ్లాల్సినప్పుడు

చిగుళ్లు పాలిపోయిన కూన, ఎనిమిది వారాల లోపు కూనలు, తోక మొదట్లో వెంట్రుకలు రాలి పుళ్లుపడ్డ కుక్క. ఈ మూడింటికీ ఆ రోజే డాక్టరు. పుళ్లు పడ్డ కుక్కకు ఫ్లీ ఉమ్ముకు అలర్జీ ఉంటుంది, రెండు మూడు కాట్లకే ఒళ్లంతా గోక్కుంటుంది. అలాంటిదానికి "తగ్గించడం" చాలదు, ఒక్కటి కూడా కుట్టకూడదు. ఆ పని ఇంటి పద్ధతుల వల్ల కాదు. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదిలితే అది టేప్‌వార్మ్, దానికి వేరే మందు కావాలి. ఫ్లీలు పోకుండా ఆ మందు వేస్తే నెలలో మళ్లీ వస్తుంది.

## సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక

పదిరోజులు తాళం వేసిన ఇంట్లోకి అడుగుపెట్టగానే కాళ్లకు ఒక్కసారిగా ఫ్లీలు ఎక్కడం చాలామందికి జరుగుతుంది. ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్లూ గూట్లో ఆగిన పురుగులు అడుగుల అదురుకూ, ఊపిరికీ, ఒంటి వేడికీ కట్టకట్టుకుని బయటికొస్తాయి. కుక్కను బయటే ఉంచండి. మోకాళ్ల దాకా తెల్ల సాక్సులు వేసుకుని, ముందు గదులన్నీ గట్టిగా తిరిగి, ఎక్కినవాటిని సబ్బునీళ్లలో వేసి, వెంటనే వాక్యూమ్ చేసి, దుమ్ము బయట పారేసి, ఆ రాత్రికి ప్రతి గదిలో పళ్లెం పెట్టండి. కుక్క లోపలికి రావడం మర్నాడు.